అడుగు తీరని గిన్నె

శరత్కాలము ప్రవేశించెను. వానకాలమున గట్టులొరసి కలుషోదకములతో ఘూర్ణిల్లిన వరాహానది యిప్పుడు కోపము తీరిన యింటిపెద్దవలె తన గర్భమునకు తాను మరలి స్వచ్ఛసలిలయై మందమందముగ ప్రవహించుచుండెను. ఉభయతటముల రెల్లుదుబ్బులు వెలిపూతలు పూచి ప్రాభాతికసమీరమునకు తలలూపుచు ఆ నదికి వింజామరలు వీచుచున్నట్లుండెను. తూర్పుకొండల వెనుకనుండి వెడలిన బాలభానుని లేతయెండ అంకుడుపాలెపు పెంకుటిండ్ల కప్పులపై పసుపు పూసినట్లు వ్యాపింపగా గడపగడపనుండి కాగిన లక్కవాసనయు కొయ్యపొట్టు వాసనయు గలసి బాటసారుల నాసికల నాకర్షించుచుండెను.

ఆ పల్లెవారికెల్ల వృత్తి యొక్కటియే. అంకుడుకొయ్యను తరిమెనకు బిగించి గిరగిర త్రిప్పుచు ఉలితో మలతురు. తిరుగుచున్న కొయ్యకే లక్కకడ్డీ నొత్తుదురు. రాపిడి వేడిమికి లక్క కరగి కొయ్యను పట్టగా ఎండిన మొగలియాకుతో దానికి మెఱుగు పెట్టుదురు. భరిణెలును బొంగరములును గిన్నెలును ఇట్లు పుట్టి దేశదేశములకు పోవుచుండును. పూర్వము త్రాడులాగి త్రిప్పిన తరిమెనలిప్పుడు విద్యుచ్ఛక్తిచే తిరుగుచున్నవి గాని ఆచారములు మాత్రము తిరుగలేదు. అందొక యాచారము గలదు. వండని బియ్యము నతిథికి వడ్డింపరానట్లే లక్క పట్టని వట్టికొయ్యను పరులకు చూపరాదు. అది గడప దాటుట ఆ వృత్తివారికి తలవంపు.

ఆ వీధి కొసయింట బంగారయ్య యను వృద్ధశిల్పి కలడు. ఉలి పట్టుటలో అతనికి సాటి లేదు. మాట విసరుటలోను లేదు. భార్య వరహాలమ్మ కాలధర్మము నొందిన పిమ్మట అతని మొగమున నవ్వు పుట్టగా చూచినవారెవ్వరును లేరు. పలుకరింపవచ్చినవారు క్షణమైన నిలువక మరలిపోవుదురు. అతడు దానికి వగవడు. తక్కువ మాటలు గలవాని యింట దుమ్ము తక్కువ పడునని అతని సిద్ధాంతము.

వరహాలమ్మ జీవించియున్ననాళ్లు భర్త మలచిన కొయ్యకు లక్క పట్టించుట ఆమె వంతు. తరిమెననుండి కోసి తీసిన వస్తువున కడుగు గరుకుగా నుండును. దానిని ఒడిలో నుంచుకొని మొగలియాకుతో రుద్ది రుద్ది పసిపాప మడమవలె నున్నచేయుటయు ఆమె వంతే. ఒకనాడామె యిట్లనెను.

"ఊరూరి వంటిండ్లకెల్ల గిన్నెలు చేసితిమి. మన వంటింట నొక్కటియు లేదు. సాయంకాలము మరమరాలు పోసికొని మనమిద్దఱము నమలుటకొక పెద్దగిన్నె నాకు చేసిపెట్టుము."

"మూకుడు లేదా?"

"మూకుట తినుటకు నేనేమి కోడిపెట్టనా?" యని ఆమె నవ్వెను.

బంగారయ్య గొణుగుచునే గిన్నె మలచెను. ఆమె వెలుపల పసుపువన్నె లక్క పట్టించి అంతటితో నిలువక జాఫరాగింజల నుండి తీసిన యెఱుపును లక్కలో కలిపి లోపలివైపునను పొరమీద పొరగా పట్టింపసాగెను. వారి యూరిలో గిన్నెకు లోపల లక్క వేయువారు లేరు.

"లోపలనేల? ఎవరు చూచెదరు? లక్క దండుగ."

"వెలుపలిది చూచువారికొఱకు. లోపలిది తినువారికొఱకు."

గిన్నె పూర్తి కాకమునుపే ఆమెను జ్వరము పట్టెను. అడుగున తరిమెనకు బిగించిన కొయ్యతొడిమ యింకను మిగిలియున్న ఆ గిన్నెను ఆమె స్వహస్తములతో అటకపై నుంచెను. ఇంట నుపచారము చేయు స్త్రీ లేనందున పొరుగూరి నుండి ఆమె తమ్ముడు జోగినాయుడు వచ్చి ఆమెను తన యింటికి కొనిపోయెను. బండి యెక్కుచు ఆమె భర్తతో "దాని యడుగు నేను వచ్చి నున్నచేసెదను. అంతదనుక ఎవ్వరిచేతను ముట్టనీయకుము" అని చెప్పెను. మరల రాలేదు. వర్తకుని తొందరపనిలో చిక్కుకొనియున్న బంగారయ్య కబురు విని పరుగెత్తినను ఆమె కన్నులు మూసిన తరువాతనే చేరెను. బంధువులెల్లరు వినుచుండగా అతడు బావమఱదిని చూచి "నా యింటి దీపమును నీ యింట నార్పితివి" అనెను. నాటినుండి జోగినాయుడు వచ్చినపుడెల్ల గడపకడ నిలిచి మాటలాడి పోవుటే గాని "కూర్చుండుము" అను మాటను ఆ యింట విని యెఱుగడు. అది న్యాయమా యని యడుగువారు గలరు. దుఃఖము న్యాయము నడిగి రాదు. చేతికందినవాని నెత్తిన బడును.

ఏడాది తిరుగవచ్చెను. ఆబ్దికమునకు ముందు ఆ గిన్నెను పూర్తి చేయవలయునని బంగారయ్య నిశ్చయించుకొనెను. పొరుగింటి నూకాలమ్మ జాలిపడి "ఇటు తెమ్ము మామా, నేను రుద్దిపెట్టెదను" అనగా అతడు "నీ యింటి గిన్నెలు తోముకొనుము" అని తలుపు వేసెను. తానే రుద్దుటకును మనసొప్పదయ్యెను. ఎవ్వరిచేతను ముట్టనీయకు మనిన మాటలో తన చేయియు నున్నదని అతని తర్కము. తరిమెనమీద ఉలియంచుతోనే అడుగు తీరవలయును. హస్తస్పర్శ కూడదు.

కాని గిన్నెను బోర్ల త్రిప్పి తరిమెనకు పట్టించుటెట్లు? ఇనుపగోళ్ల పట్టు బిగించిన లక్క చిట్లును. కొయ్యగుంతలో దూర్చి బిగించిన అంచు గీకుకొనిపోవును. వెనుకనుండి మొల యానించిన అడుగున గుంట పడును. బంగారయ్య పూర్వమొక బొమ్మల సంతలో పట్టణపు పనివాడొకడు వేఱొక విధము చేయగా చూచియుండెను. తరిమెన యిరుసునకు రబ్బరంచు గల చిప్ప నొకదానిని తగిలించి గిన్నె నోటిని దానికానించి ఇరుసు నడిమి రంధ్రముగుండ గొట్టము వేసి వాక్యూము పంపుచే లోపలి గాలి నెల్ల లాగివేయుదురు. లోపల గాలి లేనిచో వెలుపలి గాలియే గిన్నెను చిప్పకు నొక్కి పట్టును. గోరు తగులదు. గీత పడదు. అట్టి పంపును కొనుటకై అతడు విశాఖపట్టణము బయలుదేఱెను.

జోగినాయుడు పాలకేంద్రమున బఱ్ఱెల పాలు పితుకు యంత్రములను మరమ్మతు చేయువాడు. ఆ యంత్రములు పనిచేయుటయు గాలి లాగు పంపులచేతనే. నూకాలమ్మ వలన ఈ వార్త విని అతడు పిలువని పేరంటముగా బస్సెక్కెను. బావ ముందు ఆసనమున, బావమఱది వెనుక ఆసనమున కూర్చుండి యిరువురును ఒకే కిటికీవైపు చూచుచు పట్టణము చేరిరి.

అంగడివాడు రెండు పంపులను ముందుంచెను. ఒకటి చిన్నది. శీతలయంత్రములు బాగుచేయువారు వాడునది. నూనెతో నడచును. దాని మూతికొక మూత వేసి మీట నొక్కగానే కొలతముల్లు సరసర పోయి చిట్టచివరి గీతకు తగులుకొనెను. రెండవది దున్నపోతు వంటిది. పాలకేంద్రములలో వాడునది. గుఱ్ఱున మ్రోగుచు ముల్లును ముక్కాలు దూరము తీసికొనిపోయి అచ్చటనే నిలిపెను.

"చివరిదాక పోవునదే నాకు వలయును" అని బంగారయ్య చిన్నదానిపై చేయి వేసెను.

జోగినాయు డాగలేకపోయెను. "బావా, ముల్లును చూడకుము. గ్రుక్కను చూడుము. ఆ చిన్నది చీమ నీరు త్రాగినట్లు త్రాగును. కడకు బొట్టైన మిగుల్చదు నిజమే. కాని చిల్లియున్నచోట దాని త్రాగుడు ముగియులోపల పుణ్యకాలము గడచిపోవును. ఈ పెద్దది ఏనుగు. అడుగున కొంత మిగిల్చినను చిల్లులను లెక్కసేయదు. పైగా నీ శాలయంతయు పొట్టుమయము. నూనెలో పొట్టు పడిన ఆ చిన్నదానికి దగ్గు పట్టును."

"నీ పంపులకు తెలిసినవి బఱ్ఱెలు. నాది గిన్నె."

"బఱ్ఱె నీకంటె నయము బావా. తన్నిన తరువాతనైన పాలిచ్చును."

అంగడివాడు మొగము త్రిప్పుకొని నవ్వి "ఎందుకు వాదములు పెద్దాయనా? మీరు పట్టింపదలచిన వస్తువు వంటిదొకటి చూపుడు. ఇచ్చటనే పరీక్షింతము" అనెను.

బంగారయ్య సంచినుండి తన పనితనమునకెల్ల తలమానికమైన యొక చిన్నభరిణెను వెలికి తీసెను. లోపల వెలుపల దర్పణమువలె లక్క మెఱయు భరిణె అది. పట్టణమునకు వట్టికొయ్యను తెచ్చుటకు అతడు కులాచారము తప్పినవాడు కాడు. దానిని పంపుమూతి కానింపగానే చిన్నపంపు ముల్లు చివరిగీత ముట్టెను. అంగడివాడు బలముగ పెరికినను భరిణె యూడి రాలేదు.

"చూచితివా?" యనెను బంగారయ్య. బావమఱది పలుకరింపకయే ఆనాడతడు అతనితో పలికిన మొదటి మాట అది.

"చూచితిని. ఇల్లు చేరిన పిమ్మటను చూతము."

చిన్నపంపు అంకుడుపాలెము చేరెను. బంగారయ్య గొట్టము నమర్చి పొట్టు లోనికి పోకుండ గుడ్డకట్టి భార్య గిన్నెను ముట్టక ముందు చేయి మరగుటకై అంతే పరిమాణము గల గిన్నె నొకదానిని క్రొత్తగా మలచెను. మెఱుగుపని కాదు గనుక లక్క పట్టింపలేదు. దానిని బోర్లించి చిప్ప కానించి మీట నొక్కగా ముల్లు సగము దూరము పోయి అలసిన యెద్దువలె నిలిచెను. అయినను గిన్నె పట్టుకొన్నట్లే తోచెను. అతడు తరిమెన త్రిప్పి ఉలి మోపెను. తొడిమ చెక్కుకొలది ముల్లు వెనుకకు జారుచుండెను. అతని దృష్టి ఉలిమీదనే గాని ముల్లుమీద లేదు. హఠాత్తుగా గిన్నె చిప్పను విడిచి బొంగరమువలె గిరగిర తిరుగుచు లేచిపోయి గోడకు తాకి రెండు చెక్కలై నేలబడెను.

బంగారయ్య పడిన చెక్కలను చూడలేదు. అటకపై నున్న భార్య గిన్నెను చూచెను. ఇట్టిది మఱియొకటి చేయుటకు కొయ్య కలదు. లక్కయు కలదు. పట్టించు చేయి లేదు.

మఱునాటి మధ్యాహ్నము జోగినాయుడు ఆటోలో పాలకేంద్రపు మూలబడిన పెద్దపంపు నొకదానిని వేసికొని వచ్చి చెమటలు కార్చుచు దానిని దించి గడపకడ నుంచెను. గిన్నె పగిలిన సంగతి నూకాలమ్మ అప్పటికే ఊరంతయు చాటియుండెను.

"నీ సొత్తు నా గడప దాటి లోనికి రారాదు" అని బంగారయ్య లోపలినుండియే పలికెను.

"నేనే దాటలేదు బావా. ఇది దాటునా? ముందా చెక్కల నిటు విసరుము."

బంగారయ్య కాలితో ఒక చెక్కను తోసెను. జోగినాయుడు దాని నెత్తి త్రిప్పి చూచి తెల్లబోయెను.

"ఇందు లక్క లేదే! అంగడికి నీవు తెచ్చినది లక్కభరిణె గదా?"

"వట్టికొయ్యను అంగడికి తెచ్చుటకు నేనేమి ఆచారము లేనివాడనా?"

"ఆచారము చెడలేదు బావా. గిన్నె చెడినది." ఇట్లని జోగినాయుడు పొరుగువాకిట నున్న నూకాలమ్మను చెంబెడు నీరడిగి ఆ చెక్కకొసను నీటిలో ముంచి రెండవకొసను నోట నుంచుకొని బుగ్గలు పూరించి ఊదెను. నీటిలో సన్నని బుడగలు లేచెను. "చూచితివా? కొయ్య చచ్చినను దాని నాళములు చావలేదు. ఒకకొస నుండి మఱియొకకొసకు గాలి నడచుచున్నది. నీవు చెక్కి పలుచన చేసినకొలది దారి దగ్గఱ యగును. నీ చీమ ఒక గ్రుక్క త్రాగులోపల పదిగ్రుక్కలు లోన బడును. లక్కభరిణెకు నాళములు మూతబడియున్నవి గనుక అంగడిలో నిలిచినది. మూత వేసిన కుండతో పరీక్షించి చిల్లికుండకు పంపు కొంటివి."

బంగారయ్య కొయ్యతో కాలము పుచ్చినవాడు గనుక బుడగల సాక్ష్యమును కాదన నేరడు. అయినను అతడు "ఆ బఱ్ఱెపంపు కొనిపొమ్ము. ఆ గిన్నె యట్లే యుండును. నాతోపాటు పోవును" అనెను.

జోగినాయుని కన్నులు చెమ్మగిల్లెను. అతడు తల వంచుకొని "అక్క గిన్నెను ఒక్కపరి చూపుము. ముట్టను" అని వేడెను. బంగారయ్య అటకనుండి గిన్నెను దించి తన రెండుచేతుల నడుమ నుంచుకొని గడపకు రెండడుగుల దూరమున నిలిచెను. జోగినాయుడు చేతులు వెనుకకు కట్టుకొని మెడ సాచి లోనికి చూచెను. లోపల అస్తమయసూర్యబింబము కరగి పేరుకొన్నట్లు ఎఱ్ఱని లక్క అంచు మొదలు అడుగు వఱకు సూదిమొన మోపుటకు సందులేక నిండియుండెను. తాను మోసికొని వచ్చిన పంపువంక అతడొకపరి చూచెను. ఆ క్షణమున మౌనము వహించినచో గెలుపు తనది. బావ గర్వము భంగమై ఆ పెద్దపంపు నేటికి గాకున్న రేపటికైన లోనికి పోవును.

"దీనికి నా పంపు వలదు బావా" అనెను అతడు. "నీ పంపే చాలును. లోపల నున్న నాళము నొక్కదానినైన అక్క తెఱచియుంచలేదు. అడుగు నెంత చెక్కినను గాలి లోనికి పోవుటకు దారి లేదు. నీవు కొన్న తప్పుపంపునకు లోకములో ఒప్పు గిన్నె యేదైన నున్న అది ఇదే."

బంగారయ్య చాలసేపు ఆ గిన్నె లోనికి చూచుచు నిలిచెను. దండుగ యని తాననిన లక్క అది.

పిదప అతడు తరిమెనకడకు పోయి గిన్నెను బోర్లించి చిప్ప కానించి మీట నొక్కెను. ముల్లు ఆగకుండ పోయి చివరిగీతకు తగులుకొనెను. తరిమెన తిరిగెను. పసుపువన్నె గిన్నె కదలుచున్నట్లు గాక దీపశిఖ గాలిలేనిచోట నిలిచినట్లు నిశ్చలముగ తోచెను. ఉలి మోపగా తొడిమనుండి కొయ్యపొట్టు తెల్లని నారవలె జాలువారెను. జోగినాయుడు గడపపై నిలిచి ఊపిరి బిగపట్టి ముల్లునే చూచుచుండెను. ఆకసమున మబ్బులు క్రమ్మెను. కొండగాలి లేచి రెల్లుపొదల నూపెను.

తొడిమ చిటికెనవ్రేలంత మిగిలియుండగా విద్యుత్తు పోయెను.

పంపు గుటకవేసినట్లొక శబ్దము చేసి ఆగెను. తరిమెన మాత్రము తన వేగమున తాను తిరుగుచునే యుండెను. బంగారయ్య ఉలిని వెనుకకు తీసి నిశ్చేష్టుడయ్యెను. జోగినాయుడు గడప దాటి ఒక్కయంగలో వచ్చి మోకాళ్లపై పడి గిన్నె క్రింద దోసిలి పట్టెను. పట్టినవాడు ముట్టలేదు. అక్క మాట జ్ఞప్తికి వచ్చి దోసిలిని గిన్నెకు జానెడు దూరముననే నిలిపెను. ఆ దూరము తగ్గింపలేదు. చేతులు తీయలేదు.

గిన్నె తిరుగుచుండెను. వేగము తగ్గుచుండెను. ఇరువురును ముల్లువంక చూచిరి. గాలిని వెనుకకు రానీయని చిన్నతలుపు పంపుమూతిన గలదు. గిన్నెలో చీమతల యంత చిల్లియున్నను ఆ తలుపు చేయగలిగిన దేమియు లేదు. ముల్లు చివరిగీతపైననే నిలిచియుండెను. తరిమెన మెల్లమెల్లగ అలసి ఒకచుట్టు తిరిగి మఱియొక చుట్టులో సగము తిరిగి నిలిచెను. గిన్నె చిప్పనంటి యట్లే యుండెను. త్రాగు యంత్రము లేకయే పట్టు నిలిచెను.

"అక్క విడువలేదు బావా" అని జోగినాయుడు మెల్లగ అనెను. దోసిలి యింకను క్రిందనే యుండెను.

బంగారయ్య ఎడమచేత తరిమెన చక్రమును త్రిప్పుచు కుడిచేత ఉలి పట్టి మిగిలిన తొడిమను పూర్వులు త్రాడుతో త్రిప్పిన నాటి నిదానముతో ఒరసి ఒరసి తీసెను. కడపటి పొట్టు రాలెను. తొడిమయున్న చోటు తెలియకుండ అడుగు నున్ననాయెను. అతడు గొట్టము వదలుచేసెను. గాలి నిట్టూర్పు విడిచినట్లు లోనికి చొచ్చెను. గిన్నె తనంత తాను అతని యరచేతిలోనికి జారెను. అతడు తరిమెన మీటను ఆర్పి గిన్నెను నేలపై నుంచెను. అది కదలక నిలిచెను.

బలముగ లాగుట పట్టు గాదు. తెలిసిన గిన్నెలో తెలియని చిల్లి యొక్కటియున్న ఏనుగు పట్టైనను లాగినంతసేపే నిలుచును. లోపల నెవ్వరును చూడనిచోట ఓపికతో పూసినదే ఆపదనాడు పట్టును. ఈ సత్యము బంగారయ్యకు తెలిసెను. తెలిసినవారెల్లరు మాఱుదురని లేదు. అతడు బావమఱదిని క్షమింపలేదు. క్షమించితినని నోట ననను లేదు. లోపలికి పోయి మరమరాల డబ్బా తెచ్చి గిన్నెలో పిడికెడు పోసి ఇంకొక పిడికెడు పోసి మూలనున్న పీటను కాలితో అతనివైపు జరపెను.

"తినుము. మాటలాడకుము."

జోగినాయుడు పీటపై కూర్చుండెను. ఇరువురును నమలుచుండగా విద్యుత్తు మరల వచ్చెను. తరిమెన కదలలేదు గాని ఆర్పుట మఱచిన చిన్నపంపు మూలనుండి గుఱ్ఱుమని లేచి పట్టుకొనుటకేమియు లేని గాలిని త్రాగసాగెను. దానిని నిలుపుటకు ఎవ్వరును లేవలేదు.